మిగీ అన్న మాటలు, మిగీ అనని మాటలు

సంపాదకుల వారికి,

అయ్యా,

గత ఆదివారం మీ అనుబంధంలో జపాన్ బొమ్మల కథల మీద వచ్చిన వ్యాసాన్ని ఇష్టంగా చదివాను. హితోషి ఇవాకి రాసి, గీసిన 'కిసేజూ' గురించి ఒక తెలుగు పత్రిక అంత చోటు కేటాయించడమే సంతోషించవలసిన విషయం. అయితే ఆ వ్యాసం పక్కన, రాక్షసుడి నోట మరపురాని మాటలు అంటూ మీరు వేసిన పెట్టె విషయంలో నాకు కొన్ని అభ్యంతరాలు ఉన్నాయి. అందులోని నాలుగు వాక్యాలూ మిగీ అనే పాత్రవేనని మీరు రాశారు. వాటిలో రెండు మిగీవి కావు. మిగిలిన రెండింటిలో ఒకదాన్ని సగం కోసి వేశారు, మరొకదాన్ని అనువాదంలో చల్లార్చారు. ఆ ప్రాణి నోట వచ్చిన అన్నిటికన్నా మెత్తని మాట మాత్రం ఆ పెట్టెలో ఎక్కడా కనిపించలేదు.

నేను ముప్పై ఏళ్లకు పైగా డిగ్రీ విద్యార్థులకు జంతుశాస్త్రం బోధించి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ణి. మా అబ్బాయి ఉద్యోగానికి వెళ్తూ అటక మీద వదిలేసిన అట్టపెట్టెలో ఈ కథ ఇంగ్లీషు సంపుటాలు దొరికితే, పేరులో పరాన్నజీవి కనబడిందని వృత్తి చాపల్యం కొద్దీ తెరిచాను. తెరిచిన మొదటి పూటే ఒక మనిషి తల పువ్వు విచ్చుకున్నట్టు నాలుగు వైపులా చీలి, పక్కనున్న మనిషిని మింగేసిన బొమ్మ ఎదురైంది. పుస్తకం మూసేసి కాఫీ తాగి వచ్చి మళ్లీ తెరిచాను. ఆ తరవాత ఇప్పటికి మూడుసార్లు చదివాను కనుక ఈ ఉత్తరం రాసే సాహసం చేస్తున్నాను.

కథ తెలియని పాఠకుల కోసం కొంచెం చెప్పాలి. ఎక్కడి నుంచి వచ్చాయో తెలియని బంతుల్లాంటివి ఒక రాత్రి నేలకు దిగుతాయి. వాటిలోంచి వచ్చిన పురుగులు నిద్రపోతున్న మనుషుల తలలోకి దూరి, మెదడును తినేసి, ఆ తల స్థానంలో తామే కూర్చుంటాయి. పైకి మనిషి మనిషిలాగే ఉంటాడు, లోపలున్నది మాత్రం మనుషులను తినే ప్రాణి. షినిచి అనే హైస్కూలు కుర్రవాడి దగ్గరికి వచ్చిన పురుగుకు దారి దొరకదు, ఎందుకంటే అతను పాటలు వింటూ చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకునే నిద్రపోయాడు. ముక్కులోంచి వెళ్లబోతే అతనికి మెలకువ వస్తుంది. గత్యంతరం లేక అది కుడి అరచేతిని తొలుచుకుని పైకి పాకుతుంటే, కుర్రవాడు ఆ హెడ్‌ఫోన్ తీగతోనే మోచేతి పైభాగాన్ని బిగించి కట్టేస్తాడు. దానితో ఆ పురుగు మెదడు దాకా చేరలేక కుడి చేతిలోనే ఆగి, ఆ చేతిని తినేసి, తానే చెయ్యిగా మారుతుంది. మిగీ అంటే జపాను భాషలో కుడి. కుడి చేతిని తిన్నాను కనుక కుడి అనే పిలువు అని తన పేరు తానే చెప్పుకుంటుంది. ఆ చేతి కొసన ఒక కన్ను మొలుస్తుంది, ఒక నోరు మొలుస్తుంది, ఒక్క రోజులో భాష నేర్చుకుని పుస్తకాలు చదవడం మొదలుపెడుతుంది. చందమామలో బేతాళ కథలు చదివి పెరిగిన నాబోటివాడికి ఇదేమంత వింతగా అనిపించలేదు. భుజాన ఉన్నది మోచేతికి దిగింది, అంతే. ప్రశ్నలు వేయడం మాత్రం మానలేదు.

పరాన్నజీవి అన్న మన పాఠ్యపుస్తకపు మాట నాకు మొదటి నుంచీ ఇష్టం. ఇతరుల అన్నం మీద బతికేది అని అర్థం. దానికి చోటిచ్చిన ప్రాణిని ఆతిథేయి అంటాం. బద్దెపురుగుకూ ఏలికపాముకూ మనం ఆతిథ్యం ఇస్తున్నామని చెప్పినప్పుడల్లా వెనక బెంచీల్లో నవ్వులు వినబడేవి. ఆతిథేయిని వెంటనే చంపే పరాన్నజీవి తన కొంపకు తానే నిప్పు పెట్టుకున్నట్టేనని కూడా చెప్పేవాణ్ణి. మిగీ పరిస్థితి సరిగ్గా ఇదే. దాని తోటివి మెదడును ఆక్రమించి మనుషులను వేటాడుతుంటే, ఇది షినిచి రక్తంలోని పోషకాల మీద, అక్షరాలా అతను తిన్న అన్నం మీద, బతకవలసి వచ్చింది. వాడు చస్తే ఇదీ చస్తుంది. మిగీలో మనకు కనిపించే స్నేహమంతా ఈ లెక్కతోనే మొదలైంది. తన ప్రాణం తప్ప మరే ప్రాణాన్నీ ముఖ్యంగా భావించలేదని అది ఏ దాపరికమూ లేకుండా షినిచితో అంటుంది. దయ అనే పదం దాని నిఘంటువులో లేదు. కనుకనే ఆ తరవాత అది అనే ప్రతి మాటనూ ఎప్పుడు అంది, ఎవరితో అంది అని చూసుకుంటూ చదవాలి.

ఇక మీ పెట్టెలోని మొదటి వాక్యానికి వస్తాను. దెయ్యం అంటే ఏమిటో పుస్తకాల్లో వెతికాననీ, దానికి అన్నిటికన్నా దగ్గరగా ఉన్న ప్రాణి మనిషేనని తోస్తున్నదనీ మిగీ అన్న మాట అది. మాట మిగీదే. ఆ ఒక్క వాక్యాన్నీ నల్లటి బొమ్మ మీద తెల్ల అక్షరాలతో అచ్చు వేసి, మనుషుల మీద కోపం వచ్చిన కుర్రవాళ్లు ఫోన్లలో తిప్పుకోవడం నేనూ చూశాను. కానీ అది అక్కడితో ఆగలేదు. మనుషులు అన్ని రకాల ప్రాణులనూ చంపి తింటారు, మావాళ్లు తినేది ఒకటో రెండో రకాలు, మాది చాలా పొదుపైన బతుకు అని కలుపుతుంది. ఆ చివరి మాట చదివినప్పుడు నేను పైకే నవ్వాను. నరమాంసం తినే జాతి తరఫున వకాల్తా పుచ్చుకుని, మేము మితాహారులం సుమా అని చెప్పే ఆ పెద్దమనిషి తరహాలోనే ఆ పాత్ర ఉంది. నీ తోటివాళ్లు దెయ్యాలు అని షినిచి మండిపడిన సందర్భంలో వచ్చిన జవాబు ఇది. రెండో సగం కోసేస్తే మిగిలేది ఉపన్యాసం. రెండూ కలిపితే, చేతిలో పుస్తకం పట్టుకుని చాలా శ్రద్ధగా ఆలోచిస్తున్న ఒక కొత్త ప్రాణి కళ్లకు కడుతుంది. కోపం, వెక్కిరింత దానికి ఇంకా తెలియవు. దానికి తెలిసింది లెక్క ఒక్కటే.

రెండో వాక్యం, భూమిని కొరుక్కు తింటున్న పరాన్నజీవులు మనుషులేనన్నది. ఇది మిగీ మాట కాదు. హిరోకావా అనే నగర మేయరు మాట. అతను పరాన్నజీవులను కూడగట్టి, వాటికి నగర పాలక భవనంలోనే స్థావరం కల్పించినవాడు. తుపాకులు పట్టిన బలగం ఆ భవనాన్ని చుట్టుముట్టినప్పుడు సభామందిరంలో నిలబడి ఈ మాటలంటాడు. వాళ్లు అతన్ని కాల్చేస్తారు. తరవాత చూస్తే అతను పరాన్నజీవి కానే కాదు, మామూలు మనిషి. మనిషి జాతి మీద కథలో వినిపించే అతి పెద్ద నిందను ఇవాకి ఒక మనిషి నోటనే పెట్టాడు. దాన్ని మీరు మిగీ ఖాతాలో వేస్తే కథ నడుం విరిగినట్టే. పైగా జపాను మూలంలో అక్కడొక మాటల మలుపు ఉంది. పరాన్నజీవికి వాళ్ల మామూలు మాట కిసేచూ, అందులో చూ అంటే పురుగు. హిరోకావా ముందు ఆ మాటే అని, వెంటనే సవరించుకుని, కాదు కిసేజూ అంటాడు. జూ అంటే మృగం. పురుగు అన్నది తక్కువైంది, పరాన్నమృగం అనాలి అన్నమాట. కథ పేరు మొత్తానికి అర్థం తెలిసేది ఆ ఒక్క చోట. కథ పేరు పరాన్నజీవులది అనుకుంటూ అంతదాకా వచ్చిన పాఠకుడికి అది తనకే తగులుతుంది.

ఆ నింద చివరికి ఎంతవరకు నిలబడిందో కూడా చూడాలి. కథ మొదటి పుటల్లోనే, భూమి మీద ఎవరికో ఒక ఆలోచన వచ్చిందని ఉంటుంది. మనుషుల సంఖ్య సగమైతే ఎన్ని అడవులు కాలిపోకుండా మిగులుతాయి, నూరో వంతుకు పడిపోతే పారబోసే విషమూ నూరో వంతుకు తగ్గుతుందా అని. చివరి పోరులో షినిచిని కాపాడేది ఆ విషమే. ఐదు పరాన్నజీవులు ఒకే ఒంట్లో ఉన్న గోతో అనే మహాబలుణ్ణి, కొండల్లో ఎవరో దొంగచాటుగా పారబోసిన చెత్త కుప్పలోంచి తీసిన తుప్పు పట్టిన ఇనుప చువ్వతో అతను పొడుస్తాడు. ఆ చువ్వకు అంటిన విషం గోతో ఒంట్లోని ఐక్యాన్ని చెదరగొడుతుంది. దీన్ని మనిషి గెలుపు అనాలో సిగ్గు అనాలో రచయిత చెప్పడు. నాకూ తేలలేదు.

మూడో వాక్యం గురించి ఎక్కువగా రాయాలి, ఎందుకంటే ఈ కథలో రాక్షసత్వమూ మెత్తదనమూ ఒకే చోట కనిపించే పాత్ర మిగీ ఒక్కటే కాదు. నేనెందుకు పుట్టాను అని ఆలోచిస్తూ నడుస్తూనే ఉన్నాను అన్న మాట తమురా రేకోది. ఆమె మొదట షినిచి చదివే పాఠశాలలో లెక్కల టీచరుగా వస్తుంది, అప్పటి పేరు వేరు. పరాన్నజీవులలో చదువు మీద అంత ఆసక్తి ఉన్నది మరొకటి లేదు. ఇద్దరు పరాన్నజీవుల కలయిక వల్ల తన కడుపున పడినది మామూలు మనిషి బిడ్డే అవుతుందని తెలిసీ కంటుంది. పరీక్షకు పనికివస్తుందని. పసివాణ్ణి పెంచడంలో ముద్దూ మురిపెమూ ఏమీ ఉండవు. పూతన విషం పూసుకుని తల్లిలా వచ్చింది, ఈమె ఏ నటనా లేకుండా వచ్చింది. చివరికి ఒక పార్కులో పోలీసులు చుట్టుముట్టి కాలుస్తుంటే, తల్చుకుంటే తప్పించుకోగల ఆ ప్రాణి బిడ్డకు దెబ్బ తగలకుండా తన ఒంటిని అడ్డం పెట్టి తూటాలన్నీ తానే తింటుంది. ఆ తరవాత తడబడుతూ షినిచి దగ్గరికి నడిచి వచ్చి, ఈ బిడ్డను నేను చివరిదాకా ఉపయోగించుకోలేదు, ఏ విశేషమూ లేని మనిషి బిడ్డ, మనుషుల చేతుల్లో మామూలుగా పెరగనివ్వండి అని చేతికిస్తుంది.

మీరు వేసిన మాట ఆ నిమిషంలో వస్తుంది. ఒక ప్రశ్న విడిపోతే మరొకటి పుడుతుంది, మొదలు వెతుకుతూ చివర వెతుకుతూ ఆలోచించుకుంటూ నడిచాను, ఎంత దూరం పోయినా ఇంతేనేమో, అయినా ఈ రోజు ఇంకొక ప్రశ్నకు జవాబు దొరికింది అంటుంది. ఆ జవాబు ఏమిటో చెప్పదు. మీ పెట్టెలో ఆ చివరి భాగం లేదు. అది లేకపోతే వాక్యం ఏదో వేదాంతపు నిట్టూర్పులా మిగులుతుంది. ఉంటే, బిడ్డను కాపాడుకున్న ఒక తల్లి మాట అవుతుంది. ఆమె మరొకటి కూడా అంటుంది, నన్ను అడిగితే దాన్నే వేసి ఉండవలసింది: మొన్న మనుషులలాగా అద్దం ముందు నిలబడి గట్టిగా నవ్వి చూశాను, హాయిగానే ఉంది. ప్రాణం పోతుండగా చెప్పిన మాట. ఆ నవ్వును చూసినవాడు లేడు, అడిగినవాడూ లేడు. ఆమె ముఖం అప్పటికే షినిచి చనిపోయిన తల్లి ముఖంగా మారి ఉంది. చాలాకాలంగా ఏడుపు రాని ఆ కుర్రవాడికి అక్కడ కన్నీళ్లు వస్తాయి.

ఏడుపు రాకపోవడానికి ఒక వెనకటి సంగతి ఉంది. నాలుగో వాక్యం అర్థం కావాలంటే అది కావాలి. షినిచి తల్లిని ఒక పరాన్నజీవి చంపి, ఆమె ఒంటితోనే ఇంటికి వచ్చి కొడుకు గుండెను పొడిచింది. చిన్నప్పుడు మీద పడబోయిన మరిగే నూనె నుంచి కొడుకును కాపాడుతూ ఆ తల్లి చెయ్యి కాల్చుకుంది. ఆ మచ్చ ఉన్న ఒంటితోనే వచ్చి పొడిచింది. మిగీ లోపలికి వెళ్లి చిల్లుపడ్డ గుండెను కుట్టినట్టు పూడ్చి అతన్ని బతికించింది, కానీ ఆ పనిలో దాని కణాలు అతని ఒళ్లంతా పాకాయి. అప్పటి నుంచి అతనికి బలం పెరిగింది, కన్నీరు ఇంకిపోయింది. ఒక రోజు రోడ్డు మీద బండి కింద పడిన కుక్కపిల్ల చచ్చేదాకా ఒళ్లో పెట్టుకుని కూర్చుంటాడు. ప్రాణం పోయిన మరుక్షణం చెవి పట్టుకున్నంత తేలిగ్గా దాన్ని తీసుకుపోయి చెత్తడబ్బాలో పడేస్తాడు. స్నేహితురాలు మురానో నివ్వెరపోతే, చచ్చింది కదా, ఇక కుక్క కాదు, కుక్క ఆకారంలో ఉన్న మాంసం అంటాడు. తరవాత తనకే ఏదో తప్పు చేశానని తోచి వెనక్కి వెళ్లి దాన్ని చెట్టు కింద పాతిపెడతాడు. జంతుశాస్త్ర ప్రయోగశాలలో ఏళ్ల తరబడి కప్పలను కోయించినవాణ్ణి కనుక, ఆ పుటలు నాకు సులభంగా మింగుడు పడలేదని మాత్రం చెప్పగలను.

ఇప్పుడు నాలుగోది. కథ ఆఖరి పుటల్లో, ఎత్తైన భవనం మీద నుంచి మురానో పడిపోతుంటే, షినిచి చెయ్యి చాచి అందుకోలేకపోయిన ఆ క్షణంలో, ఎప్పుడో దీర్ఘనిద్రలోకి వెళ్లిపోయిన మిగీ గొంతు వినిపిస్తుంది. దారిలో ఎదురై పరిచయమైన ప్రాణి, కాసేపటికి చూస్తే చచ్చి ఉంది, అప్పుడు ఎందుకు దుఃఖం వస్తుంది అన్న ప్రశ్నకు, మనిషి అంత పనిలేని జంతువు కనుక అంటుంది మిగీ. వెంటనే, అదే మనిషిలోని గొప్ప గుణం, మనసుకు తీరిక ఉన్న ప్రాణి, ఎంత అద్భుతం అంటుంది. దారిలో చచ్చి ఉన్న ఆ ప్రాణి ఎవరో ఇక చెప్పనక్కర్లేదు. చెత్తడబ్బాలో పడేసిన కుక్కపిల్లకు జవాబు పది సంపుటాల చివర, అదీ ఒక కుడి చేతి నోట వస్తుంది.

మీ పెట్టెలో దీన్ని విశాల హృదయం ఉన్న ప్రాణి మనిషి అని అనువదించారు. అది గోడ మీద రాసే మాట. మూలంలో ఇవాకి ఒక చమత్కారం చేశాడు. నిబ్బరం, వెసులుబాటు అనే అర్థం వచ్చే అక్షరాలు రాసి, వాటి పక్కన చదవవలసిన ఉచ్చారణగా హిమ అని చిన్న అక్షరాల్లో పెట్టాడు. హిమ అంటే వాళ్ల భాషలో ఖాళీ సమయం, పనిలేకపోవడం. (మన హిమం కాదు, కంగారు పడకండి.) కంటికి ఒకటి, చెవికి ఒకటి. పనిలేకపోవడమే మనసుకు చోటు అవుతుందని ఒక్క పదంలో చెప్పడం అది. దీనికి తెలుగులో వెతకనక్కర్లేదు, తీరిక అన్న మాట సిద్ధంగా ఉంది. చేతిలో పని లేనివాడికీ తీరికే అంటాం, చచ్చిన కుక్కపిల్ల కోసం రెండు నిమిషాలు ఆగినవాడికీ తీరికే అంటాం, కాకపోతే రెండోసారి కొంచెం గొంతు మారుతుంది. ఎప్పుడూ ప్రాణం కోసం లెక్కలు వేసుకుని బతికిన ప్రాణి, తనకు ఏ లాభమూ లేని ఆ దుఃఖాన్ని చూసి ఎంత అద్భుతం అని నోరు తెరవడంలో ఉన్న ఆశ్చర్యం విశాల హృదయం అన్న మాటలో కనిపించదు.

ఈ కథ 1993లో కొదాన్షా మాంగా పురస్కారం, 1996లో సెయిఉన్ పురస్కారం పొందిందని, 2014లో మ్యాడ్‌హౌస్ సంస్థ 24 భాగాల యానిమేషన్‌గా తీసిందని మీ వ్యాసకర్త సరిగానే రాశారు. ఆ వివరాల మీద నాకు పేచీ లేదు. రక్తపాతం ఉన్న ఇలాంటి కథలు పిల్లల చేతికి ఇవ్వవచ్చునా అని ఆయన లేవనెత్తిన సందేహమూ న్యాయమైనదే. చిన్నపిల్లలకు నేనైతే ఇవ్వను. పెద్ద పిల్లలకు ఇవ్వదలిస్తే మొత్తం ఇవ్వాలి. వాళ్లకు ఇప్పటికే చేరుతున్నది మనిషే దెయ్యం అన్న ఒక్క ముక్క, తీరిక దాకా వచ్చేవాళ్లు తక్కువ.

చివరగా, మీరు వేయని మాట. గోతోతో కొండల్లో పోరాడుతున్నప్పుడు మిగీ షినిచి చేతి నుంచి వేరుపడి దాడి చేస్తుంది. ఆ దెబ్బ చాలదు. ఒంటి నుంచి విడిపోయాక దానికి మిగిలేది కొద్ది నిమిషాలు (తరవాత ఎలాగో బతికి బయటపడుతుంది, కానీ అప్పటికి ఆ సంగతి దానికీ తెలియదు). వెనక్కి రాబోతున్న షినిచిని రావద్దంటుంది, ఇద్దరూ చావనక్కర్లేదు, పరిగెత్తు అంటుంది. తన ప్రాణం తప్ప మరేదీ ముఖ్యం కాదన్న ప్రాణి అలా అనడం మొదటిసారి చదివినప్పుడు, పాత పుటలు వెనక్కి తిప్పి చూసుకున్నాను, నేనేమైనా పొరబడ్డానా అని. షినిచి పారిపోతుండగా అది ఎండిన ఆకులా వడలిపోతూ, అతనికి వినబడదని తెలిసీ తనలో తాను అంటుంది: మొట్టమొదట నిన్ను కలిసినప్పుడు నీ మెదడు తీసుకోకపోవడం మంచిదైంది, స్నేహితుడిగా ఎన్నో సంతోషమైన జ్ఞాపకాలు మిగిలాయి. ఆ రాత్రి దారి దొరక్క చేతిలో ఆగిపోయినదాన్ని తన ఓటమిగా చెప్పుకుంటూ వచ్చిన మిగీ అంటున్న మాట ఇది.

సవరణ వేసే ఉద్దేశం మీకు ఉంటే, ప్రతి వాక్యం కింద ఎవరు, ఎవరితో, ఎప్పుడు అన్నారో ఒక్క ముక్కలో రాయమని, హిరోకావా మాటను హిరోకావాకు, తమురా రేకో మాటను ఆమెకు అప్పగించమని, విశాల హృదయం స్థానంలో తీరిక అని దిద్దమని మనవి. ఈ చివరి వాక్యానికి కూడా ఆ పెట్టెలో చోటు ఇవ్వండి. చోటు చాలదంటే మొదటిది తీసేయండి.

ఇట్లు
భవదీయుడు,
విశ్రాంత జంతుశాస్త్ర అధ్యాపకుడు,
రాజమహేంద్రవరం